సాదా క్రియాటిన్ డబ్బా: బరంపురం తైక్వాండో, జూడో ఆటగాళ్లకు కొనదగ్గదేనా?

ఇక్కడ చూస్తున్నది రుచి, రంగు కలపని క్రియాటిన్ మోనోహైడ్రేట్ (కండరాల శక్తి కోసం ఆటగాళ్లు నీళ్లలో కలిపి తాగే పొడి), 250 గ్రాముల డబ్బా. ఏ కంపెనీదైనా లోపల ఉండాల్సింది ఆ ఒక్క పదార్థమే కాబట్టి ఫలానా కంపెనీ అని చెప్పడం లేదు. ముందే మాట తేల్చేస్తే, పద్దెనిమిదేళ్లు నిండి తైక్వాండో, జూడో, కరాటేలో కుమితే (ఎదురెదురు పోరు) ఆడేవాళ్లకు ఇది డబ్బుకు తగిన సరుకు. కటా (ఒంటరిగా చేసి చూపే కదలికల వరుస) మాత్రమే చేసేవాళ్లకు అంత అవసరం లేదు. పోటీ నెల రోజుల్లో ఉండి, బరువు వర్గం అంచున ఉన్నవాళ్లు ఇప్పుడు ముట్టుకోకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు అసలే ముట్టుకోకూడదు.

కండరానికి అప్పటికప్పుడు అందే ఇంధనం ఏటీపీ. గట్టిగా వాడితే అది రెండు మూడు సెకన్లకే తరిగిపోతుంది. కండరంలో క్రియాటిన్ నిల్వ ఉండే రూపమైన ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని వెంటనే మళ్లీ తయారుచేస్తుంది. ఆ నిల్వ పది సెకన్ల చుట్టుపక్కల తగ్గిపోయి, ఊపిరి తీసుకునే విరామంలో మళ్లీ నిండుతుంది. తైక్వాండోలో రౌండు రెండు నిమిషాలే అయినా కాలు లేచేది ఒకటి రెండు సెకన్ల విడతల్లోనే. జూడోలో నాలుగు నిమిషాల పోరులో పట్టు కోసం గుంజులాట, మధ్యలో ఒక్క విసురు. ఈ పొడి పెంచేది ఆ నిల్వనే కాబట్టి ఈ రకం ఆటకే క్రియాటిన్ పనికొస్తుంది. అయితే తాగిన పూటే కిక్కు వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నిజంగా జరిగేది ఏమిటంటే, ప్యాడ్ కొట్టేటప్పుడు చివరి సెట్లలో కాలు దిగిపోవడం తగ్గుతుంది, స్క్వాట్లు ఒకటో రెండో ఎక్కువ పడతాయి. అలా వారాల తరబడి పోగైన సాధనే బలంగా మారుతుంది. సాధన సరిగా లేనివాడికి ఈ డబ్బా చేసేదేమీ లేదు.

చేపా మాంసం తినేవాళ్ల కండరాల్లో క్రియాటిన్ కొంత ముందే ఉంటుంది. కిలో మాంసంలో ఉండేది మూడు నుంచి ఐదు గ్రాములే, అది కూడా పచ్చిదానిలో. శాకాహారుల్లో నిల్వ తక్కువ కాబట్టి తేడా వాళ్లలోనే బాగా కనిపిస్తుంది. కార్తీకమంతా చేప మానేసే ఇళ్లు బరంపురంలో తెలుగువాళ్లలోనూ ఒడియావాళ్లలోనూ చాలా ఉన్నాయి. ఆ నెలలో కూడా మోతాదు మార్చనక్కర్లేదు.

మోతాదు రోజుకు మూడు గ్రాములు, సాధన లేని రోజు కూడా. అలా నాలుగు వారాలకు కండరం నిండుతుంది. తొందరగా నింపాలంటే రోజుకు ఇరవై గ్రాములు నాలుగు విడతలుగా ఐదు నుంచి ఏడు రోజులు తీసుకునే పద్ధతి ఉంది. పెద్ద బరువు వర్గాల వాళ్లకు అది ఫరవాలేదు, మిగతావాళ్లకు మేలు కంటే చిక్కు ఎక్కువ. ఒకేసారి పది గ్రాములు తాగితే విరేచనాలు పట్టుకోవడం మామూలే. మూడు గ్రాముల లెక్కన డబ్బా 83 రోజులు వస్తుంది. ధరను 83తో భాగిస్తే రోజు ఖర్చు తేలుతుంది, రెండు కంపెనీల మధ్య తేడా చూడ్డానికి ఇదే సరైన కొలత.

డబ్బాలో వచ్చే చెంచాను గుడ్డిగా నమ్మకండి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద ఒక్కసారి తూచి, మూడు గ్రాములు ఎక్కడిదాకా వస్తుందో చెంచా మీద గీత పెట్టుకోండి. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి మూత తీసి ఉంచిన పొడి వానాకాలంలో గడ్డ కడుతుంది. గడ్డ కట్టినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు, కానీ చెంచా కొలత తప్పుతుంది. సిలికా పొట్లం తీసేయకండి, తడి చెంచా పెట్టకండి. చల్లటి నీళ్లలో ఇది సరిగా కరగదు, అడుగున ఇసుకలా మిగులుతుంది. ఆ ఇసుకే మీరు డబ్బు పెట్టి కొన్నది. గోరువెచ్చని నీళ్లు పావు లీటరు పోసి కలిపి వెంటనే తాగాలి. ఉదయం కలిపి సీసాలో పోసి సాయంత్రం ప్రాక్టీసుకు పట్టుకెళ్లే అలవాటు వద్దు. నీళ్లలో నిలవుంటే అది మెల్లగా క్రియాటినిన్‌గా మారుతుంది, దానివల్ల కండరానికి ఉపయోగం లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది బరువు దగ్గర. క్రియాటిన్ కండరంలోకి నీటిని కూడా తీసుకెళుతుంది. ఇరవై గ్రాముల పద్ధతిలో మొదటి వారంలోనే కిలో నుంచి రెండు కిలోలు పెరగొచ్చు. తైక్వాండోలో 58 కిలోల లోపు వర్గానికి 57.5 మీద ఉన్న కుర్రాడు పోటీకి పది రోజుల ముందు మొదలుపెడితే, తూకం నాడు తిండీ నీళ్లూ మాని ఎండలో పరుగెత్తాలి. వచ్చిన బలం ఆ ఒక్క రోజులోనే పోతుంది. "పోటీకి వారం ముందు ఆపేస్తే బరువు దిగుతుంది కదా" అని మాస్టార్లు కూడా కొందరు అనుకుంటారు. దిగదు. ఆపిన తర్వాత నిల్వ మామూలు స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే పోటీకి కనీసం ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి, ప్రతి ఆదివారం ఉదయం ఖాళీ కడుపున తూచి రాసుకోండి, ఆ పెరిగిన బరువుతోనే ఏ వర్గమో తేల్చుకోండి. జూడో వాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ పోటీల్లో తూకం ముందురోజు అవుతుంది, పోటీ ఉదయం కొందరిని మళ్లీ తూచి, వర్గం పరిమితికి ఐదు శాతం మించితే ఆడనివ్వరు. 60 కిలోల వర్గానికి అది 63.

కొనేటప్పుడు పదార్థాల వరుసలో క్రియాటిన్ మోనోహైడ్రేట్ తప్ప మరేమీ ఉండకూడదు. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లోపలి సీలు చూడండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. జిమ్ముల్లో పొట్లాలు కట్టి ఇచ్చే విడి పొడి ఎంత చవకైనా వద్దు. నిజమైన పొడికి దాదాపు రుచి ఉండదు, తియ్యగా ఉంటే చక్కెర జాతిదేదో కలిసినట్టే. అనుమానమైతే చిటికెడు పొడి నీళ్లలో వేసి ఒక చుక్క అయోడిన్ వేయండి, నీలి నలుపు తిరిగితే గంజిపిండి ఉంది. కానీ ఈ పరీక్ష పిండిని పట్టిస్తుంది తప్ప మందుల కల్తీని పట్టించదు. క్రియాటిన్‌లోనే వేరే రకాలుగా హెచ్‌సీఎల్, ఈథైల్ ఎస్టర్ అని ఎక్కువ ధరకు అమ్మేవి మోనోహైడ్రేట్ కంటే మెరుగైనవి కావు.

వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో క్రియాటిన్ లేదు. రాష్ట్ర, జాతీయ పోటీలకు వెళ్లేవాళ్లకు అసలు ప్రమాదం దాని పక్కన అరలో ఉండే రంగురంగుల ప్రీ వర్కౌట్ (సాధనకు ముందు ఉత్సాహం కోసం తాగే పొడి) డబ్బాలతో. మిథైల్‌హెక్సనమిన్ వంటి ఉత్తేజకాలు అలాంటి పొడుల్లో దొరికిన సందర్భాలు ఉన్నాయి, కండ పెంచే ఆస్టరిన్ వంటి నిషేధిత మందులు లేబుల్ మీద లేకుండానే సప్లిమెంట్లలో బయటపడ్డాయి. "నాకు తెలియదు" అనే మాట నాడా (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) దగ్గర చెల్లదు, శరీరంలో దొరికినదానికి ఆటగాడిదే బాధ్యత, నిషేధం నాలుగేళ్ల దాకా ఉంటుంది. ప్రతి బ్యాచ్ పరీక్షించి ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ ముద్ర వేసినవి కొంత ఖరీదే. పోటీలు ఆడేవాళ్లు ఆ ఖర్చు పెట్టుకోవాలి, తమ డబ్బా బ్యాచ్ ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ సైటులో ఉందో లేదో చూసుకోవాలి.

ప్రీ వర్కౌట్ బదులు కాఫీ చాలు. ఒంటి బరువులో కిలోకు మూడు మిల్లీగ్రాముల కెఫీన్, పోటీకి గంట ముందు. ఒక టీస్పూన్ ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటుంది, చికోరీ కలిసినదైతే ఇంకా తక్కువ. వంటసోడా కూడా జూడో, తైక్వాండోలకు పనికొస్తుందని పరిశోధనలు ఉన్నాయి గానీ, 60 కిలోల మనిషికి 12 నుంచి 18 గ్రాములు కావాలి, కడుపు తిప్పేస్తుంది. ముందు ప్రాక్టీసులో తెలుసుకోకుండా పోటీ నాడు తాగవద్దు. ప్రొటీన్ పొడి విషయానికొస్తే, 60 కిలోల మనిషికి రోజుకు 96 గ్రాముల ప్రొటీన్ చాలు. యాభై గ్రాముల మీల్‌మేకర్‌లో 25 గ్రాములు వస్తుంది, రెండు గుడ్లలో 12. పప్పు, చేప, పెరుగు, ఛతువా (వేయించిన ధాన్యాల పిండి) కలిస్తే చాలామందికి పొడి డబ్బా అక్కర్లేదు.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి బరంపురం వచ్చి సాధన చేసే ఆటగాళ్లకు ఒక మాట. మీ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టిందో మీకు చెప్పనక్కర్లేదు, దానికి కారణం ఇంకా తేలలేదు. డబ్బా కొనకముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి, ఆ కాగితం దాచండి. మొదలుపెట్టాక చేయించే పరీక్షలో క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు, మూత్రపిండం బాగానే ఉన్నా సరే. ఏం వాడుతున్నారో డాక్టరుకు ముందే చెప్పండి. అనుమానం ఉంటే మూత్రపిండం పనితీరు చూసే మరో రక్త పరీక్ష, సిస్టాటిన్ సి, రాయమని అడగండి, దానిమీద ఈ పొడి ప్రభావం ఉండదు.