విమానం రద్దయిన రాత్రి పనికొచ్చిన ఎలైట్ హోదా

తమ విమానాల్లో తరచూ ప్రయాణించేవాళ్లకు విమానయాన సంస్థలు మెట్లవారీగా ఇచ్చే హోదానే ఎలైట్ అంటారు. ఆ సభ్యుల కోసం చాలా సంస్థలు విడిగా ఒక ఫోను నంబరు ఇస్తాయి. లాంజ్, ముందుగా బోర్డింగ్, అదనపు బ్యాగు, ఎప్పుడో ఒకసారి పై తరగతి సీటు దక్కే అప్‌గ్రేడ్ గురించి అందరూ చెబుతారు. ఈ నంబరు సంగతి మాత్రం పెద్దగా ఎవరూ ఎత్తరు. కొన్నేళ్లుగా ఆ మెట్లలో గోల్డ్ స్థాయిని నిలబెట్టుకుంటూ వస్తున్న నాకు మిగిలినవన్నీ ఒక ఎత్తు, ఆ నంబరు ఒక్కటీ ఒక ఎత్తు.

ఎందుకో చెబుతాను. సుదూర ప్రయాణం, మధ్యలో విమానం మారాలి. రెండో విమానం మొదట గంట ఆలస్యమన్నారు, తర్వాత మరో గంట అన్నారు, చివరికి సాంకేతిక లోపమని రద్దు చేశారు. ఆ రాత్రికి అదే ఆఖరి విమానం. ఎక్కాల్సిన జనమంతా ఒకే కౌంటరు ముందు చేరారు. కౌంటరులో ఉన్నది ఇద్దరే ఉద్యోగులు, వరుస కదలడం లేదు. ఈలోగా ఫోనుకు సందేశం వచ్చింది. కంప్యూటర్ తనంతట తానే నన్ను రెండు రోజుల తర్వాతి విమానంలోకి మార్చింది, అదీ ఇంకో ఊరి మీదుగా.

వరుసలో నిలబడే ఎలైట్ నంబరుకు ఫోను చేశాను. కాసేపట్లోనే ఒకావిడ ఎత్తారు. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాల్సిన పని పడలేదు. విమానం రద్దయిన సంగతి అప్పటికే ఆమె ముందున్న తెరమీద ఉంది. అదే విమానాశ్రయం నుంచి తెల్లవారుజామున బయలుదేరే మరో సంస్థ విమానంలో సీట్లున్నాయని, ఆ సంస్థ కూడా తమ కూటమిలోదేనని చెప్పారు. అయితే నేను కొన్న టికెట్ రకంలో ఖాళీ లేదు, ఎక్కువ ధర రకంలోనే ఉంది. ఆమె పైవాళ్ల అనుమతి తీసుకుని, తేడా డబ్బు ఒక్క పైసా అడగకుండా అందులోనే నాకు చోటు ఖాయం చేశారు.

హమ్మయ్య అనుకుని ఫోను పెట్టేయబోతుంటే ఆమే ఆపారు. "ఉండండి, సీటు వచ్చింది గానీ టికెట్ ఇంకా పాత విమానం మీదే ఉంది" అన్నారు. తరచూ ప్రయాణించేవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. బుకింగ్‌లో పేరు ఉండటం వేరు, టికెట్‌ను ఆ విమానానికి మార్చి మళ్లీ జారీ చేయడం వేరు. రెండోది జరగకపోతే పొద్దున కౌంటరులో తెరమీద మన పేరు కనిపిస్తుంది గానీ బోర్డింగ్ పాస్ రాదు. వీళ్లు వాళ్లనడగమంటారు, వాళ్లు వీళ్లనడగమంటారు, ఈలోగా విమానం వెళ్లిపోతుంది. కొత్త టికెట్ జారీ అయ్యేదాకా ఆమె లైనులోనే ఉన్నారు. దాని నంబరు 13 అంకెలూ నెమ్మదిగా చదివి నాచేత రాయించారు. తర్వాత బ్యాగు చీటీ మీది నంబరు అడిగి, బ్యాగును కొత్త విమానానికి మళ్లించమని సందేశం పంపారు. పొద్దున బోర్డింగ్ పాస్ అడగగానే చేతికొచ్చింది. దిగాక బ్యాగు కూడా బెల్టు మీద కనిపించింది. ఆమె ఎవరో నాకు తెలియదు గానీ, ఆ పనితనాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది.

ఆ రాత్రి నా వెనక చంటిబిడ్డతో నిలబడ్డ తల్లికి రెండు రోజుల తర్వాతి విమానమే గతి అయింది. ఆవిడ సంగతి కూడా చూడమని ఫోనులోనే అడిగాను. వేరే బుకింగ్ కాబట్టి ఈ లైను నుంచి దాన్ని మార్చలేమన్నారు. అది నన్ను ఈనాటికీ బాధపెడుతుంది. మనతో వచ్చేవాళ్లకు ఈ రక్షణ అందాలంటే వాళ్ల పేర్లు మన బుకింగ్‌లోనే ఉండాలి. ఇంట్లోవాళ్ల టికెట్లు విడివిడిగా కొనే అలవాటుంటే ఈ ఒక్క కారణానికైనా మానుకోండి.

అలాగని ప్రతిసారీ ఇంత సాఫీగా జరుగుతుందని మాట ఇవ్వలేను. తర్వాతెప్పుడో తుఫానుకు విమానాశ్రయమే మూతపడినప్పుడు ఇదే నంబరులో చాలాసేపు వేచి ఉండాల్సి వచ్చింది. అంతమంది ఒకేసారి చిక్కుకుంటే వాళ్లలో ఎలైట్ సభ్యులే బోలెడుమంది ఉంటారు, మనకంటే పైమెట్టువాళ్ల పని ముందు చూస్తారు. టికెట్ ఎవరు జారీ చేశారన్నది కూడా చూసుకోవాలి. ఆ 13 అంకెల్లో మొదటి మూడూ జారీ చేసిన సంస్థ కోడ్. అవి మన సంస్థవి కాకపోతే అవతలివాళ్ల చేతులు చాలావరకు కట్టేసినట్టే. ఏజెంటు దగ్గర కొన్న టికెట్ అయితే మార్పుల కోసం ముందు ఆ ఏజెంటునే అడగమనవచ్చు. అందుకే విమానం మారాల్సిన ప్రయాణాలకు నేను సంస్థ దగ్గరే నేరుగా కొంటాను.

లాంజ్ మొదట్లో నాకూ గొప్పగానే అనిపించింది. స్టార్ అలయన్స్ అనే విమానయాన సంస్థల కూటమిలో గోల్డ్ హోదా ఉంటే వెంట ఇంకొకరిని కూడా తీసుకెళ్లవచ్చు. ఇప్పుడు రద్దీ వేళల్లో కూర్చోవడానికి చోటు దొరకడమే కష్టం. అప్‌గ్రేడ్‌ల జాబితాలో నాకంటే పైమెట్టువాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక సంపాదించే దారి. ప్రయాణాలతోనే గోల్డ్ చేరడం నాకు కుదరలేదు, మిగిలిన లోటును క్రెడిట్ కార్డు పూడ్చింది. నా సంస్థలో కార్డు ఖర్చు కూడా హోదా లెక్కలోకి వస్తుంది. అన్నిచోట్లా ఇలా ఉండదు. చాలా కార్డులు ఇచ్చేది టికెట్లు కొనుక్కోవడానికి పనికొచ్చే మైళ్లే, హోదాకు అవి లెక్కకు రావు. కార్డు తీసుకునే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చూసుకోండి.

లెక్క ఎలా ఉంటుందో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌ను చూస్తే తెలుస్తుంది. 2022 నుంచి అక్కడ ప్రయాణాల పాయింట్లు, కార్డు పాయింట్లు ఒకే ఖాతాలో పడుతున్నాయి. అక్కడ గోల్డ్ అన్నది కింది మెట్టే, దానికి 40,000 పాయింట్లు కావాలి, పైనున్న ఎగ్జిక్యూటివ్ ప్లాటినమ్‌కు 200,000. వాళ్ల కార్డుమీద డాలరు ఖర్చుకు ఒక పాయింటు. విమానం ఎక్కకుండా గోల్డ్ కావాలంటే 40,000 డాలర్లు ఖర్చుపెట్టాలి. అదే సొమ్మును 2 శాతం వెనక్కిచ్చే కార్డుమీద పెడితే 800 డాలర్లు చేతికొస్తాయి. కార్డుతో మైళ్లు కూడా వస్తాయి కాబట్టి అదంతా నష్టమేమీ కాదు, కానీ హోదా ఉచితమన్న మాట మాత్రం నిజం కాదు. బిల్లు నెలనెలా పూర్తిగా కట్టలేనివాళ్లు ఈ జోలికే పోవద్దు. ఏ హోదా ఇచ్చే లాభమూ ఆ వడ్డీ ముందు నిలవదు.

నిబంధనలూ ఒకచోట నిలవవు. డెల్టా ఎయిర్‌లైన్స్ 2023 సెప్టెంబరులో హోదాకు కొత్త నిబంధనలు ప్రకటించి, సభ్యులు భగ్గుమనడంతో అక్టోబరులో కొన్నింటిని సడలించింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి, మనం పెట్టిన ఖర్చును బట్టి పాయింట్లిస్తోంది, గోల్డ్‌కు 20,000 కావాలి. చవక టికెట్లతో ఎక్కువ దూరం తిరిగి మెట్లెక్కే దారి ఇలా ఒక్కోచోటా మూసుకుపోతోంది.

నా విషయంలో గిట్టుబాటు అవడానికి కారణాలున్నాయి. ఉద్యోగరీత్యా చేసే ఖర్చు కొంత నా కార్డుమీదే వెళ్లి, తర్వాత తిరిగి వస్తుంది. నా ప్రయాణాల్లో ఎక్కువభాగం మధ్యలో విమానం మారేవే. ఈ రెండూ లేకపోతే ఇంత శ్రమపడేంత విలువ ఉందని నేను చెప్పను. నేరుగా గమ్యం చేరే విమానాలే ఎక్కేవాళ్లకు చవకైన టికెట్, మంచి ప్రయాణ బీమా చాలు. ఈమధ్య నా ప్రయాణాలు తగ్గుతున్నాయి. విమానం మారాల్సిన సుదూర ప్రయాణం ఏదైనా ఖాయమైతేనే వచ్చే ఏడాది గోల్డ్ కోసం చూస్తాను, లేదంటే కింది మెట్టుతో సరిపెట్టుకుంటాను. హోదా లెక్క ముగిసే గడువు దగ్గరపడ్డవాళ్లు కార్డు స్టేట్‌మెంటు తేదీ ఇప్పుడే చూసుకోండి. స్టేట్‌మెంటు వచ్చాకే పాయింట్లు జమ చేసే కార్డుల్లో ఆఖరి నెల ఖర్చు వచ్చే ఏడాది లెక్కలోకి వెళ్లిపోవచ్చు.