తిరుపతిలో దత్తత తల్లిదండ్రుల ఆదివారం మీటింగ్: వెళ్లొస్తున్న ఒక అమ్మ మాట

దత్తతకు అప్లై చేసి ఎదురుచూస్తున్నవాళ్లు, పాపో బాబో ఇంటికొచ్చాక ఏం చేయాలో తోచక లోపల్లోపల టెన్షన్ పడుతున్నవాళ్లు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎవరున్నా సరే, బైరాగిపట్టెడలో నెలకో ఆదివారం జరిగే ఈ మీటింగుకి ఒక్కసారైనా రండి. బోర్డు ఉండదు, సంఘం పేరూ లేదు. రిటైరైన ఒక నర్సు తన మేడమీద హాలు ఇస్తారు. పిల్లలూ పెద్దలూ అందరూ ఆవిడను పెద్దమ్మ అనే పిలుస్తాం. కాఫీ టిఫిన్ల ఖర్చుకు కుటుంబానికి 50 రూపాయలు డబ్బాలో వేయాలి. ఎవరు వేశారు, ఎవరు వేయలేదు అని చూసేవాళ్లు లేరు.

నేను చంద్రగిరి దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్ని. మా పాప రెండేళ్లు నిండాక దిక్కులేని పసిపిల్లల్ని ఉంచి చూసుకునే శిశుగృహ నుంచి మా ఇంటికొచ్చింది. దత్తతలో కాగితాల సంగతి చెప్పడానికి మనుషులున్నారు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్లో రిజిస్టర్ కావడం, కాగితాలు అప్‌లోడ్ చేయడం, సోషల్ వర్కర్ ఇంటికొచ్చి మన పరిస్థితులు చూసి రాసుకునే హోం స్టడీ, అన్నీ ఒక పద్ధతిలో జరిగిపోతాయి. పాప వచ్చాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూసి రిపోర్టు రాస్తారు. కానీ పాప వచ్చిన మొదటి రాత్రి, లైటు తీసేయగానే అది మంచం మీద నిటారుగా కూర్చుండిపోతే ఏం చేయాలో ఏ కాగితంలోనూ ఉండదు. ఆ సంగతి చెప్పగలిగింది అప్పటికే అలాంటి రాత్రులు గడిపిన అమ్మానాన్నలే.

కొత్తలో మా పాప ఏడ్చేది కాదు. "ఎంత బుద్ధిమంతురాలో" అని బంధువులు మెచ్చుకుంటుంటే నాకు గుండెల్లో దడగా ఉండేది. కిందపడి మోకాలు చీరుకుపోయినా నా వైపు చూసేది కాదు. తనే లేచి గౌను దులుపుకొని వెళ్లిపోయేది. ఒకరోజు ఉతుకుదామని దిండు కవర్ తీస్తే లోపల ఎండిపోయిన ఇడ్లీ ముక్కలు, సగం కొరికిన బిస్కెట్, నల్లబడిన అరటిపండు. "దొంగబుద్ధి, ఇప్పుడే మాన్పించు" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. మీటింగులో ఈ మాట చెప్తూ నాకు ఏడుపొచ్చేసింది. మదనపల్లె నుంచి వచ్చే ఒక అక్క నా పక్కకు జరిగి, "మావాడు బొరుగులు జేబుల నిండా కుక్కుకొని పడుకునేవాడమ్మా. మళ్లీ ఎప్పుడు పెడతారో అని వాళ్ల భయం" అంది. పాపకు అందే ఎత్తులో ఒక గిన్నె పెట్టి, అందులో బొరుగులో, పండు ముక్కలో ఎప్పుడూ ఉండేలా చూడమంది. గిన్నె ఖాళీ కానివ్వొద్దు, "ఇప్పుడేగా తిన్నావు" అని అస్సలు అనొద్దు అని మరీ మరీ చెప్పింది.

వంటింటి గట్టు కింద స్టీలు గిన్నె పెట్టాను. మొదట్లో నింపిన గిన్నె నింపినట్టే ఖాళీ అయ్యేది. రానురాను సగం మిగలసాగింది. తర్వాత పాప దాని వంక చూడటమే మానేసింది. దిండులో దాచుకోవడమూ పోయింది. ఆ రోజుల్లోనే గుమ్మం తగిలి పడి, వీధి చివరికి వినబడేలా ఏడుస్తూ నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఏడ్చిందని సంతోషపడిన అమ్మని నేనే అయ్యుంటానేమో అనుకున్నా. మీటింగులో చెప్తే హాలంతా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో అక్కడున్న ఎవరికీ వివరించాల్సిన పని లేదు. నేను ఈ మీటింగుకి ఎందుకు వెళ్తానో అడిగితే నా జవాబు ఇదే.

పిల్లలకు నిజం ఎప్పుడు చెప్పాలనేది దాదాపు ప్రతి మీటింగులోనూ వచ్చే ప్రశ్న. పెద్దయ్యాక చెబుదాంలే అనుకునేవాళ్లకు పెద్దమ్మ గట్టిగానే చెబుతారు: చిన్నప్పుడే, కథలా, మామూలు మాటల్లో చెప్పండి, లేకపోతే ఏ పెళ్లిలోనో ఎవరో చెప్తారు అని. మన తిరుపతి వాళ్లకు కథ కోసం వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేదు. ఆకాశరాజు బంగారు నాగలితో దున్నుతుంటే తామరపువ్వులో దొరికిన పాపే కదా పద్మావతి అమ్మవారు. ఆ రాజూ, ధరణీదేవీ ఆమెను కూతురిగా పెంచి శ్రీనివాసుడికిచ్చి పెళ్లి చేశారు. ఆ పెళ్లి మాట్లాడటానికి వెళ్లిన వకుళమాత కూడా శ్రీనివాసుణ్ణి కన్నతల్లి కాదు, పెంచిన తల్లి. పేరూరు కొండమీద ఆమె గుడిని బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. పెద్దమ్మ ఈ కథ చెప్తుంటే ఒక ఆరేళ్ల పాప లేచి, "అయితే అమ్మవారు కూడా నాలాగేనా?" అని అడిగింది. వాళ్ల నాన్న, ఆర్టీసీలో చేస్తారు, మామూలుగా ఒక్క మాట కూడా మాట్లాడరు. "అవునమ్మా, నీలాగే" అని గట్టిగా అన్నారు.

ఎదురుచూస్తున్నవాళ్లకూ ఈ మీటింగు చాలా అవసరం. చిన్నపిల్లల కోసం మూడేళ్లకు పైగా ఎదురుచూసినవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. హోం స్టడీ రిపోర్టు మూడేళ్ల వరకే చెల్లుతుంది కాబట్టి తేదీ గుర్తుపెట్టుకోమని పాతవాళ్లు హెచ్చరిస్తారు. పోర్టల్లో పిల్లల వివరాలు వచ్చాక రిజర్వ్ చేసుకోవడానికి ఉండేది 48 గంటలే. ఆ ఫోటో, ఆ మెడికల్ రిపోర్టు చూసి చేతులు వణికే వేళ, రిపోర్టు చదివి అర్థమయ్యేలా చెప్పే పిల్లల డాక్టర్ని ముందే మాట్లాడి పెట్టుకోమంటారు. బంగారం లాంటి సలహా.

"ఎక్కడైనా డైరెక్ట్‌గా దొరుకుతుందా, ఖర్చు ఎంతైనా పర్లేదు" అని అడిగేవాళ్లూ అప్పుడప్పుడు వస్తారు. పాపం, వాళ్ల బాధ వాళ్లది. కానీ ఇక్కడ ఆ మాటకు చోటు లేదు. చట్టం దాటి బిడ్డను ఇవ్వడం, తీసుకోవడం నేరమనీ, బిడ్డను కొనడం అమ్మడం ఇంకా పెద్ద నేరమనీ పెద్దమ్మ కూర్చోబెట్టి చెప్తారు. దిక్కులేని బిడ్డ ఎక్కడైనా కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలని కూడా. ఈ ఒక్క విషయంలో ఆవిడ ఎంత కఠినంగా ఉంటే అంత మంచిదని నా నమ్మకం.

చిన్న చిన్న సంగతులు చాలా నేర్చుకున్నాను. ఒక ఆసుపత్రిలో "మీ వంశంలో ఆస్తమా ఉందా" అని అడిగితే నేను నీళ్లు నమిలాను. ఇప్పుడు "దత్తత తీసుకున్నామండి, కుటుంబ చరిత్ర తెలియదు" అని పాప ముందే మామూలుగా చెప్పి, మెడికల్ రిపోర్టు జిరాక్స్ ఇస్తున్నాను. బడిలో వంశవృక్షం గీసుకురమ్మంటే ఏం చేయాలో కూడా ఇక్కడే మాట్లాడుకున్నాం. టీచర్‌గా నా క్లాసులో ఆ హోంవర్క్ మార్చేశాను. ఇప్పుడు పిల్లలు తమను ప్రేమగా చూసేవాళ్లందరి బొమ్మలూ గీసుకొస్తున్నారు.

ఇక లోటుపాట్లు. పది గంటలకన్నది పదకొండుకు గానీ మొదలు కాదు. పలమనేరు, మదనపల్లె నుంచి పిల్లలతో బస్సెక్కి వచ్చేవాళ్లకు ఇది చాలా ఇబ్బంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లతో వస్తే చూసుకోవాలి. నాన్నలు చాలామంది వరండాలో ఫోన్లు చూసుకుంటూ నిలబడిపోతారు. వాళ్లకీ బోలెడంత భయం ఉంటుంది, లోపలికి పిలిచి మాట్లాడించాలి. చట్టం గురించి కొందరు పాత సమాచారం చెప్పేస్తుంటారు. దత్తత ఉత్తర్వు కోర్టు ఇస్తుందని మొన్న కూడా ఒకాయన వాదించారు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇస్తున్నది జిల్లా కలెక్టర్. కొత్తవాళ్లు ఇలాంటివి విని కంగారు పడకుండా, ఏదైనా సరే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగి తేల్చుకోండి. ఈ మీటింగు ఎప్పుడో ఎక్కడో కూడా నాకు చెప్పింది అక్కడి సోషల్ వర్కరే.

అన్నిటికంటే పెద్ద లోటు పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు. చిన్నపిల్లలు బొమ్మలతో ఆడుకుంటారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు, ఈ పిల్లలు మూలన కూర్చొని బోరు కొట్టి వెళ్లిపోతారు. కన్నవాళ్ల గురించి ప్రశ్నలు మొదలయ్యే వయసు అది. వాళ్లకు విడిగా ఒక గంట, పెద్దవాళ్లెవరూ లేకుండా, కాలేజీ వయసుకొచ్చిన దత్తత పిల్లలతో మాట్లాడుకునేలా ఏర్పాటు చేయాలని పెద్దమ్మను అడిగాను. సరేనన్నారు. అలాంటి అమ్మాయిలూ అబ్బాయిలూ తిరుపతిలో చదువుకుంటూ, చిన్నవాళ్లతో ఒక గంట గడపడానికి ఇష్టపడేవాళ్లుంటే వచ్చే నెల ఆదివారం మేడమీదికి రండి. పిల్లల ఫోటోలు తీయొద్దన్నది మాత్రం అక్కడ అందరూ పాటించే నియమం.