వేలాడే క్యాబేజీనా, చల్లిన జొన్నలా?

మేం పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే రోజుల్లో గూట్లో కోళ్లు తోచక ఒకదాని ఈకలు ఒకటి పీకేవి. వాటికి కాలక్షేపంగా క్యాబేజీ వేలాడదీయడం, జొన్నలు చల్లడం రెండూ చేసి చూశాం.

ఖర్చు: క్యాబేజీ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ రైతుబజార్లో చవకే. గుప్పెడు జొన్నలు ఇంకా చవక.

శ్రమ: క్యాబేజీకి కన్నం పెట్టి, తాడు దూర్చి, కోడి తలకు కాస్త పైన కట్టాలి. పొడవగానే ఊగుతుంది, వెనక నుంచి ఇంకోటి ఎగురుతుంది, మాకదే సినిమా. జొన్నలు ఎండుగడ్డిలో చల్లేస్తే చాలు, గీరుకుంటాయి.

రిస్క్: మిగిలిన జొన్నలకు రాత్రి పందికొక్కులు హాజరు. క్యాబేజీ మే ఎండకు వాడిపోతుంది. రెండిట్లో ఏదైనా సరే, రోజు మేతలో పదో వంతు దాటొద్దు.

రెండు మూడు కోళ్లుంటే క్యాబేజీ. ఎక్కువుంటే జొన్నలే, క్యాబేజీ దగ్గర గట్టి పెట్ట మిగతావాటిని రానివ్వదు. రెండ్రోజులు ఊరెళ్తే మాత్రం పక్కింటి ఆంటీకి తాళం ఇవ్వండి, నీళ్లైనా మారుస్తారు.