మూడు రోజుల పైసలు కట్టి ఒక్కరోజే పైకి పోయినం, అయినా నాలుగు స్టార్లు

మాది హన్మకొండ. మంచు అంటే ఫ్రిజ్‌ల డబ్బా మీద పేరుకున్నదే తెలుసు, అయినా స్కీయింగ్ పిచ్చి పట్టి కశ్మీర్ గుల్మార్గ్‌ల ఐఐఎస్ఎం (స్కీయింగ్, పర్వతారోహణ నేర్పే సర్కారు సంస్థ) కోర్సులు రెండేండ్లు చేసిన. ఈసారి ఫిబ్రవరిల నేను, మా బామ్మర్ది కలిసి బ్యాక్‌కంట్రీ, అంటే మామూలు స్కీయింగ్ బాటల బయటి మంచు వాలులకు, పోదామని అక్కడోళ్ల గైడ్ సర్వీసు మూడు రోజులకు బుక్ చేసినం.

మొదటిరోజు గొండోలా (కొండమీదికి పోయే కేబుల్ కారు) ఎక్కకముందే గైడ్ భాయ్ అందరి బీకన్లు, అంటే మంచు చరియల కింద పూడిపోతే ఎక్కడున్నమో సిగ్నల్ ఇచ్చే యంత్రాలు, చెక్ చేసిండు. మా బామ్మర్దిది, వేరే షాపుల కిరాయికి తెచ్చింది, బ్యాటరీ సగానికి తక్కువ చూపెడుతున్నది, ఆ షాపోడు పాతవే వేసి ఇచ్చిండు. కొత్తవి వేసేదాక కదలనీయలే. తర్వాత ఒక బీకన్‌ను సంచిల పెట్టి మంచుల పూడ్చి మమ్మల్ని వెతకమన్నడు. మాకు పదకొండు నిమిషాలు పట్టింది, పదిహేను దాటితే లోపల ఉన్నోడు బతికే ఛాన్సు బాగ పడిపోతదంట, మరి తవ్వేది ఎప్పుడు? మళ్లీ మళ్లీ చేయించిండు.

రెండోరోజు అఫర్వాట్ కొండ పైన, 3,900 మీటర్లు దాటినంక, మంచు పొరలు జారుతయా అని చూసెటందుకు ఛాతి లోతు గుంత తీసిండు. పార మంచు దిమ్మె మీద పెట్టి మణికట్టుతోటి పది దెబ్బలు, మోచేయితోటి పది, భుజంతోటి పది కొట్టుడు వాళ్ల లెక్క. పన్నెండో దెబ్బకే పైపొర పలకలెక్క జారి నా కాళ్లమీద పడ్డది, కింద చూస్తే మంచు చక్కెర పలుకులున్నట్టు ఉన్నది, పిడికిట్ల పట్టుకుంటే నిలుస్తలేదు. సీజన్ మొదట్ల పల్చగ పడ్డ మంచు, చలి రాత్రులకు ఇట్లయితదంట. వాలు కొలిస్తే 36 డిగ్రీలు. 30 నుంచి 45 మధ్యనే మంచు చరియలు ఎక్కువ జారుతయి కాబట్టి వద్దన్నడు. డీజీఆర్ఈ (మంచు చరియల హెచ్చరికలిచ్చే రక్షణశాఖ సంస్థ) బులెటిన్ రోజు చూస్తనే ఉన్నడు గని అది జిల్లా మొత్తానికి, ఈ వాలు సంగతి గుంతల్నే తెలుస్తదన్నడు.

మా బామ్మర్దికి మస్తు కోపమొచ్చింది, కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంతదూరం వచ్చింది వెనక్కి పోవుడానికా అని. 2024 ఫిబ్రవరిల ఇక్కడ్నే మంచు చరియల కింద పడి ఒక రష్యా స్కీయర్ చచ్చిపోయిండు అని భాయ్ చెప్తే ఇగ నోరు మూసిండు. కింద చెట్ల నడుమ తక్కువ వాలుల ఆడుకున్నం, నిజం చెప్పాలంటే అదే నాకు నచ్చింది.

స్టార్ ఎందుకు తగ్గించిన అంటే, మూడోరోజు గాలికి గొండోలా బంద్, పైసలు వాపస్ రావని ముందు ఒక్క మెసేజ్ పెట్టలే, అడిగితే నిబంధనలల్ల ఉన్నది అన్నరు. గైడ్ తప్పేం లేదు, ఆఫీసోళ్లది.

వచ్చే ఏడు మళ్లీ ఆ భాయ్‌నే అడిగినం. బామ్మర్ది మాత్రం బ్యాటరీలు చౌరస్తాలనే కొనుక్కొని వస్తడట.