ఉప్పును వేరు దగ్గరే ఆపాలా, ఆకులో దాచాలా: పైరుకు ఏది మేలు?

నెల్లూరు జిల్లాలో గోధుమ వేయం. ఆ పైరుకు కావలసిన చలి మనకు రాదు. అయినా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల పక్కన వరి వేసేవాళ్లు, కొత్తపట్నం తీరంలో చౌడు తేలిన పొలంతో అవస్థ పడేవాళ్లు గోధుమ సంగతి కొంత తెలుసుకోవాలని నా కోరిక. ఉప్పు నేలలో పైరు ఎలా బతుకుతుందో ఆ పంట మీద బాగా పరిశోధించారు. అందులో తేలిన విషయం మన వరికీ వర్తిస్తుంది.

ఉప్పు పైరును రెండు దెబ్బలు తీస్తుంది. మొదటిది దాహం. నేలలో తడి ఉన్నా వేరు దాన్ని లాగలేదు, పిలకలు తగ్గిపోతాయి. రెండోది విషం. సోడియం రోజూ కొంచెం కొంచెంగా ఆకుల్లో చేరి, పొటాషియం చేయాల్సిన పనిని చెడగొడుతుంది. ముదురాకుల కొసలు ముందు మాడేది అందుకే.

చపాతీలకు వాడే గోధుమ ఆ విషాన్ని వేరు దగ్గరే ఆపుతుంది. నేల నీటిలోని సోడియంలో నూటికి 98 వంతుల దాకా ఆకులకు చేరనివ్వదు. నీళ్లను పైకి మోసే గొట్టాల్లోకి జారిన సోడియాన్ని కూడా హెచ్‌కెటి అనే జన్యువుల వల్ల వెనక్కి లాగేస్తుంది. పాస్తాకు వాడే డ్యూరం గోధుమకు ఈ శక్తి తక్కువ. ఐన్‌కార్న్ అనే ప్రాచీన గోధుమ నుంచి ఈ రకం జన్యువును సంకరంతో డ్యూరంలోకి తెస్తే, ఆస్ట్రేలియా ఉప్పు నేలలో దిగుబడి 25 శాతం పెరిగిందని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

బార్లీ దారి వేరు. సోడియాన్ని ఆకుల్లోకి బాగానే రానిచ్చి, కణం లోపల రిక్తిక అనే సంచిలో దాస్తుంది. కణంలో అసలు పని జరిగే చోట దాన్ని తగలనివ్వదు. పైగా దాచిన ఆ ఉప్పే నీటిని లాక్కోవడానికి సాయపడుతుంది, అంటే దాహానికీ కొంత విరుగుడు దొరికినట్టే. ఉప్పును బయటే ఆపే పైరు అదే పనికి చక్కెరల వంటివి సొంతంగా తయారు చేసుకోవాలి. ఆ మేరకు ఎదుగుదల తగ్గుతుంది. తడి మట్టి నుంచి తీసిన నీటి ఈసీ, అంటే అందులో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, సుమారు 8 (డెసీసీమెన్స్/మీటరు) దాకా బార్లీ దిగుబడి తగ్గదు. గోధుమకు ఆ హద్దు 6, వరికి 3.

అంకెల్లో బార్లీదే పైచేయి. అయినా మన తీరానికి నేను ఆపే పద్ధతినే కోరుకుంటాను. దాచుకునే గుణం చాలా జన్యువుల మీద ఆధారపడుతుంది, కొత్త వంగడంలోకి తేవడం కష్టం. ఆపే గుణంలో ఒక్క జన్యువుతోనే పెద్ద తేడా కనిపిస్తుంది. నోనా బొక్రా అనే ఉప్పు తట్టుకునే వరిలో 2005లో గుర్తించిన జన్యువు కూడా ఈ హెచ్‌కెటి కుటుంబానిదే. రెండు గుణాలూ కలిసి ఉంటే ఇంకా మంచిదనుకోండి. రాజస్థాన్‌లోని పాలీ ప్రాంతపు ఖర్చియా గోధుమ ఉప్పు నేలకు పేరు మోసింది. దాని సంతతి నుంచే హర్యానాలోని కర్నాల్‌లో కొన్ని కేఆర్‌ఎల్ గోధుమ రకాలు తయారయ్యాయి.

ఆపే పద్ధతికి ఒక బలహీనత ఉంది. సోడియాన్ని ఆపాలంటే వేరుకు గాలి కావాలి. ఉప్పు నేలలో నీళ్లు కూడా నిలిస్తే గోధుమ ఆకుల్లోకి సోడియం ఒక్కసారిగా ఎక్కుతుంది. వరి నీళ్లలో నిలబడే పైరు కాబట్టి దానికి ఆ బాధ తక్కువ. కానీ వరి తర్వాత మినుము వేసేవాళ్లకు మురుగు కాలువ పూడితే ఎంత మంచి విత్తనమైనా ఆదుకోదు.

విత్తనం కొనేముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ 4 దాటి, పీహెచ్ (నేల క్షార గుణం చెప్పే అంకె) 8.5 లోపు ఉంటే అది పాల చౌడు. మంచినీళ్లు పెట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలువలోకి వదలాలి. పీహెచ్ 8.5 దాటితే కారు చౌడు, దానికి జిప్సం కావాలి. వరి లేత నారు ఉప్పును అసలు ఓర్చుకోదు కాబట్టి కాస్త ముదురు నారు నాటండి, కుదుళ్లు దగ్గరగా పెట్టండి.