మిర్యాలగూడ పనికి తెచ్చిన హెచ్‌డీడీ మెషిన్: నాలుగు స్టార్లు, ఒకటి బూట్లకు కట్

రైస్ మిల్లు ముందు రోడ్డు కింద నుంచి నీళ్ల పైపు దాటించాలి, రోడ్డు మాత్రం తవ్వకూడదు. నల్గొండ నుంచి హెచ్‌డీడీ మెషిన్‌ను (రోడ్డు తవ్వకుండా భూమి లోపల అడ్డంగా డ్రిల్ చేసేది) ఆపరేటర్‌తో సహా అద్దెకు తెచ్చా. మిల్లుకు పోయే 11 కేవీ కేబుల్ భూమిలోనే ఉంది, నా టెన్షనంతా అదే. పోయిన ఎండాకాలం వేరేవాళ్ల మెషిన్ తెస్తే స్ట్రైక్ అలారం (డ్రిల్ కరెంటు కేబుల్‌కు తగిలితే మోగేది) తాలూకు ఎర్త్ రాడ్, వైరు చుట్ట కూడా విప్పకుండా టూల్ బాక్సులో పడి ఉంది. అడిగితే వాళ్ల ఆపరేటర్ "అది మోగితే పని ఆగుతదన్నా" అన్నాడు!

ఈ ఆపరేటర్ మెషిన్ దించగానే కాస్త దూరంలో రాడ్ కొట్టి టెస్ట్ బటన్ నొక్కాడు. ఫెయిల్. చల్క నేల ఎండకు పెంకులా ఉంది, రాడ్‌కు ఎర్త్ దొరకలేదు. రెండు బిందెల నీళ్లు పోయించి, ఇంకాస్త దిగగొట్టి నొక్కితే లైటు వెలిగి సైరన్ మోగింది. అప్పుడుగానీ డ్రిల్లింగ్ మొదలుపెట్టలేదు. మెషిన్ బాడీకీ ఆ రాడ్‌కీ మధ్య వోల్టేజీ వచ్చినా, డ్రిల్ రాడ్ల గుండా కరెంటు పారినా ఆ అలారం మోగుతుంది. అంటే కేబుల్ తగిలాకే, ముందు కాదు. ఇది చాలామందికి తెలియదు, అలారం ఉంది కదా అని ధీమాగా తిప్పేస్తారు.

భూమిలో కేబుల్ ఎక్కడుందో వెతికే లొకేటర్ మొదట ఏమీ పట్టలేదు. ఆ పూట మిల్లు బంద్, లోడ్ లేని కేబుల్ పవర్ మోడ్‌లో (కేబుల్‌లో పారే కరెంటును బట్టి వెతికే పద్ధతిలో) దొరక్కపోవచ్చట. లైన్‌మన్‌ను పిలిపించి, కేబుల్‌కు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ పెట్టి వెతికితే మేం అనుకున్నదానికి మూడడుగులు పక్కన బయటపడింది. అక్కడ గడ్డపార వద్దని ఆపరేటర్ పారతో మెల్లగా గుంత తీయించాడు. ముందు ఎర్ర హెచ్చరిక టేపు, దాని కింద ఇటుకల వరుస కనపడ్డాయి, అక్కడ ఆపేశారు.

హెల్పర్లకు చెప్పిన మాటలు కూడా నచ్చాయి. మోగితే సీట్లో ఉన్నవాడు దిగొద్దు, మెషిన్ పక్కన పరిచిన మ్యాట్ మీదున్నవాడు కదలొద్దు, నేల మీదున్నవాళ్లు మెషిన్‌ను గానీ బెంటోనైట్ (డ్రిల్లింగ్‌కు నీళ్లలో కలిపే బంకమట్టి) ట్యాంకును, దాని పైపును గానీ ముట్టొద్దు. ఒక కాలు మెషిన్ మీద, ఒక కాలు నేల మీద పెడితే మనిషి దక్కడు. సైరన్ ఆగిందని దిగడానికీ లేదు, ట్రిప్ అయిన బ్రేకర్ మళ్లీ ఆన్ అయి కరెంటు రావొచ్చు, సప్లై తీశామని కరెంటోళ్లు చెప్పాకే కదలాలి.

ఇంత తెలిసిన వాళ్లు కరెంటు తగలని బూట్లు మాత్రం రెండు జతలే తెచ్చారు. బెంటోనైట్ కలిపే కుర్రాడు హవాయి చెప్పులతో, భూమిలో డ్రిల్ ఎక్కడిదాకా పోయిందో పైనుంచి చూసే ట్రాకింగ్ పిల్లాడు మామూలు బూట్లతో వచ్చారు, మ్యాట్ ఒక మూల చిరిగి ఉంది. మిగతావి తెప్పించేసరికి సగం పూట పోయింది, వెయిటింగ్ చార్జీ నా మీదే వేయబోతే గొడవపడ్డా.

వచ్చే వారం హాలియా దగ్గర పనికి మళ్లీ వీళ్లనే పిలిచా, మనిషికో జత బూట్లు లేకుండా మెషిన్ దించనివ్వనని ఫోన్‌లోనే చెప్పేశా.