ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాది: వాడి చెప్తున్నా

మా పాపకి నాలుగేళ్లు, పోయిన నెల విరేచనాలు పట్టుకున్నాయి. రుచిగా ఉంటే తాగుతుంది కదా అని ముందు డబ్బాలో వచ్చే తియ్యటి డ్రింక్ పట్టించా, అవి తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి. డాక్టరమ్మ ఆ డబ్బా చూసి వెంటనే ఆపేయమంది, చక్కెర అంత ఎక్కువుంటే ఒంట్లో నీళ్లనే పేగులోకి లాగేస్తుందంట, ఈ పొడి రాసిచ్చింది.

లీటరు ప్యాకెట్‌లో మొత్తం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. గ్లూకోజ్ ఉన్నది ఓపిక రావడానికని అనుకునేదాన్ని, అసలు పని అది కాదు, పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికెళ్లే దారి ఒకటుంది, వాటి వెనకాలే నీళ్లూ వెళ్తాయి, విరేచనాలప్పుడు కూడా ఆ దారి చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే పాళ్లు అంత ముఖ్యం. పాత ఫార్ములా గాఢత, అంటే నీళ్లలో కరిగిన లవణాలూ గ్లూకోజ్ కలిపిన లెక్క, లీటరుకి 311 మిల్లీఆస్మోల్స్ ఉండేది, 2002లో దాన్ని 245కి తగ్గించారు, దాంతో పాతదానితో పోలిస్తే వాంతులు, విరేచనాలు తగ్గాయి, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం కూడా తగ్గింది.

రుచి మాత్రం కన్నీళ్లలా ఉప్పగా ఉంటుంది, మా పాప మొదటి గుక్క ఉమ్మేసింది. గ్లాసుతో ఇవ్వడం మానేసి నిమిషానికో చెంచా పోశా, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టా, సాయంత్రానికి ఒంటేలుకి వెళ్లింది, ఏడిస్తే కన్నీళ్లొచ్చాయి, అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

విరేచనాలు ఆగలేదని దీనికి ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఇది వాటిని ఆపే మందు కాదండీ, పోయిన నీళ్లూ లవణాలూ తిరిగిచ్చేది. జింక్ వేరే రాస్తారు, అది కూడా రాసినన్ని రోజులూ మధ్యలో ఆపకుండా వెయ్యాలి.

నేను ఒక స్టార్ తగ్గించింది ప్యాకెట్ మీద అక్షరాలకి, ఎంత నీళ్లలో కలపాలో భూతద్దం పెట్టి చదవాలి. లీటరుదాన్ని గ్లాసులో కలిపితే ఉప్పెక్కువై ప్రమాదం, చిటికెడు చిటికెడు వేస్తే పాళ్లు పోతాయి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలిపి, 24 గంటలయ్యాక మిగిలింది పారబోయాలి. చిన్నపిల్లలుంటే 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లే నయం, వృథా పోదు.

బిడ్డ మత్తుగా పడుకుండిపోయినా, తాగలేకపోయినా, రక్తం పడినా చెంచాలతో కూర్చోకుండా హాస్పిటల్‌కి పరిగెత్తండి.